అంచు కోయని పటం

సంచి సర్దడం మొదలుపెట్టి చాలాసేపయింది. జిప్పు మాత్రం పడటం లేదు. రెండు చీరలు, శాలువా, నమాజుకు పరుచుకునే జానిమాజ్, బీపీ గోలీలు, మా ఆయన మోకాళ్ళకు రాసుకునే నూనె, నిమ్మకాయ ఊరగాయ, రెండు కళ్ళజోళ్ళు. మా మనవరాలు సైమా మంచం అంచున కూర్చుని ఒక్కొక్కటే బయటికి తీస్తోంది. నేను ఒక్కొక్కటే మళ్ళీ లోపల పెడుతున్నాను.

"దాదీ, పోయేది హైదరాబాదుకు. హజ్జుకు కాదు," అంది.

"ఊరగాయ ఉండనీ. మీ దాదాకు బయటి కూరలు పడవు."

"ఒక్క రాత్రికి సీసెడు ఊరగాయా? బస్సుల ఒలికిందంటే మ్యూజియం గేటు కాడనే నిన్ను ఆపుతరు."

"మూత గట్టిగా పెట్టిన."

"రెండు కళ్ళజోళ్ళు ఎందుకు?"

"ఒకటి పగిలితే?"

సైమా కళ్ళజోళ్ళు రెండూ తనే మళ్ళీ సంచిలో పెట్టింది. ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం నా దగ్గర జవాబు ఉందని దానికి తెలుసు. నేను పోతున్నది ఒక బొమ్మ చూడటానికి. ఆ బొమ్మలో మా అక్క ఉంది. మా అక్క ఫొటో మా ఇంట్లో ఒక్కటి కూడా లేదు. కొన్నేళ్ళ నుంచి ఆమె ముఖం నాకు గుర్తు రావడం మానేసింది. గొంతు గుర్తుంది, జడ గుర్తుంది, ముఖం ఉండాల్సిన చోట మాత్రం సబ్బునీళ్ళు పోసినట్టు ఉంటుంది. చచ్చేలోపు ఒక్కసారి చూసుకోవాలని నా ఆశ.

ఇన్నేళ్ళూ నేను ఇంకొకళ్ళ సంచులు సర్దిన మనిషిని. కొడుకువి, కోడలివి, ఆడబిడ్డలవి, సైమా కాలేజీకి పోయేటప్పుడు దానివి. ఎవరైనా గడప దాటితే, చేరామని ఫోను వచ్చేదాకా ఇల్లు ఊడవను. పేపరు రాగానే ప్రమాదాల వార్తలే ముందు చదువుతాను. సైమా రోజూ వంతెన దాటి సారపాక మిల్లు ఆఫీసుకు పోతుంది. పట్టుమని పావుగంట ప్రయాణం కాదు. అయినా చేరినట్టు ఒక మిస్డ్ కాల్ ఇవ్వకపోతే నాకు చాయ్ గొంతు దిగదు. ఇప్పుడు పోయేది నేనైతే, ఊడవకుండా కూర్చునేది ఎవరని ఆలోచిస్తుంటే మా ఆయన మహబూబ్ అలీ లోపలికి వచ్చాడు. చేతిలో ఎర్రగుడ్డ పేలిక, అందులో ఒక రూపాయి బిళ్ళ. నా కుడి జబ్బకు ఇమామ్ జామిన్ కట్టాడు. ప్రయాణం పోయేవాళ్ళకు మాలో కట్టేది అది. క్షేమంగా చేరాక ఆ బిళ్ళను ఎవరో ఒక పేదవాడికి ఇచ్చేయాలి.

"నువ్వు నాతోనే వస్తున్నవు కదా. నీకు కట్టొద్దా?" అన్నాను.

"ఇద్దరికీ ఒకటే బస్సు. ఒక్క బిళ్ళ చాలు," అన్నాడు.

మా అబ్బా, అంటే మా నాన్న, రేకు పెట్టెలు చేసేవాడు. భద్రాచలం లాంచీ రేవుకు పోయే దారిలో మా కొట్టు. వంతెన పడి అప్పటికి ఏడాదో ఎంతో అయింది. అయినా కూనవరం, రాజమండ్రి పోయేవాళ్ళు లాంచీలే ఎక్కేవాళ్ళు. అక్క పేరు చాంద్ బేగం, అందరూ చాంది అనేవాళ్ళు. నేను ఆపా అనేదాన్ని. ఆమెకు పదిహేడు, నాకు పది. రాజమండ్రిలో కలప అడితి దగ్గర పనిచేసే ఒకతనికి ఇచ్చి నికా చేశారు.

అబ్బా ఆమె కోసం స్వయంగా పెట్టె చేశాడు. ఆకుపచ్చ రంగు వేసి, మూత మీద పసుపు తీగ గీస్తున్నాడు. నేను పరుగెత్తుకుంటూ వచ్చి ఆయన మోచేతికి తగిలాను. తీగ దారి తప్పి తాళం మీదికి జారింది. అబ్బా తుడవలేదు. "పోనీ తియ్. పెట్టెలు మారిపోతే గుర్తుపట్టడానికి పనికొస్తది," అన్నాడు.

ఫొటో తీయిద్దామని అమ్మీ అంటే మాత్రం ఒప్పుకోలేదు. ఆయన కాలంలో మాలో చాలామంది అంతే. మనిషి బొమ్మ ఇంట్లో ఉంటే ఫరిస్తాలు, అంటే దేవదూతలు, రారని ఆయన నమ్మకం. అక్క రంజాన్ పండక్కి వస్తానని చెప్పి లాంచీ ఎక్కింది. పండక్కి ఇంకా రెండు నెలలుంది. మొదట్లో లాంచీ వాళ్ళతో కబురు పంపేది, బాగున్నానని. పండక్కి రాలేదు. తర్వాత కబురూ రాలేదు. అబ్బా రాజమండ్రి పోయి వెతికితే ఆ ఇంట్లో వేరేవాళ్ళు కిరాయికి ఉన్నారు. అడితి వాళ్ళు, అతను పని మానేసి పెళ్ళాంతో ఎటో పోయాడన్నారు. ఎటో ఎవరికీ తెలియలేదు. అబ్బా ఇంకా రెండుసార్లు పోయాడు. తర్వాత ఆయనకూ కాళ్ళు సాగలేదు.

మా ఇంట్లో చెప్పుకునేది ఒకటే మాట. రేవులో మేమిద్దరం ఒకళ్ళనొకళ్ళం పట్టుకుని విడవలేదని, పెద్దవాళ్ళు లాగి విడదీశారని. అమ్మీ చచ్చిపోయేదాకా అదే చెప్పింది. నాకూ అదే గుర్తు. ఎన్నిసార్లు విన్నానో, విన్నదేదో చూసిందేదో ఇప్పుడు విడదీయలేను.

నన్ను మహబూబ్ అలీకి ఇచ్చారు. ఆయనది పటాలు కట్టే షాపు. అది మా ఇంటి ముందు గదే. రాములవారి పటాలు, పెళ్ళి ఫొటోలు, పోయినవాళ్ళ ఫొటోలు. శ్రీరామనవమి ముందు నెలంతా చేతులు ఖాళీ ఉండవు. పటం వెనక అట్ట మీద పాత పేపరు అతికిస్తాం. మైదా జిగురు కలిపి పేపరు అతికించే పని నాది. తెలుగు అక్షరాలు నేను అట్లా నేర్చుకున్నాను, జిగురు ఆరేలోపు. సగం వార్త ఒక పటం వెనక, మిగతా సగం ఇంకో పటం వెనక పోయేది. తర్వాత లైబ్రరీ పుస్తకాలు, సైమా స్కూలు పుస్తకాలు, పొట్లాల కాగితాలు, ఏవి దొరికితే అవి చదివాను. బొమ్మలతోనే మాకు అన్నం. మా లోపలి గోడలు మాత్రం బోసి. నమాజు చేసుకునే ఇల్లు కదా, మనుషుల బొమ్మలు పెట్టం.

పోయిన వానాకాలం రాజ్యశ్రీ గారు షాపుకు వచ్చారు. వాళ్ళది సత్తుపల్లి వైపు భూములున్న కుటుంబం. ఆమె భర్త అనిల్‌కుమార్ గారికి ఇక్కడ వ్యాపారం, కొత్తగా ఇల్లు కట్టుకున్నారు. ఆమె చంకలో రెండు పొడుగాటి అట్టగొట్టాలు.

"భాయ్‌గారూ, వీటికి ఫ్రేములు కట్టాలండి. జాగ్రత్త. మ్యూజియం క్వాలిటీ ఇవి," అన్నారు.

"అంటే ఏందమ్మా?"

"అసలు బొమ్మ మ్యూజియంలో ఉంటుంది. దాన్ని ఉన్నదున్నట్టు, అదే రంగులతో దూది కాగితం మీద అచ్చు వేస్తారు. వందేళ్ళయినా వెలవదట. ముట్టుకోవాలంటే ఈ తొడుగులు వేసుకోవాలి."

గొట్టంలోంచి తెల్లటి చేతితొడుగులు తీసి ఇచ్చారు. మా ఆయన తొడుక్కున్నాడు. అప్పటిదాకా మేకులు పట్టుకున్న చేతులు.

"చూడు బద్రూ, దవాఖానాల డాక్టర్ లెక్క ఉన్ననా?"

"కాంపౌండర్ లెక్క ఉన్నవ్," అన్నాను.

రాజ్యశ్రీ గారు నవ్వారు. "మా అత్తయ్యగారు కూడా మీలాగే దెప్పుతారు బూబమ్మా. భద్రాచలంలో ఉంటూ గోడకి రాములవారిని పెట్టకుండా పళ్ళబుట్టలు పెడతావేంటని మూడు రోజుల నుంచి ఒకటే సాధింపు."

కాగితం విప్పితే బట్టలా బరువుగా, మెత్తగా ఉంది. ఒకదాని మీద పళ్ళబుట్ట, ఇంకోదాని మీద మంచు పడుతున్న ఏదో ఊరు. ద్రాక్షపండు మీద తేమ కూడా కనిపిస్తోంది. నేను చూపు తిప్పుకోలేకపోయాను. చుట్టూ బెత్తెడు తెల్ల అంచు ఉంది. మా ఆయన అలవాటు కొద్దీ స్కేలు, కత్తి అందుకున్నాడు.

"అయ్యో, అంచు కోయకండి. దానికే విలువ," అన్నారు రాజ్యశ్రీ గారు.

"ఖాళీ కాయితానికా?"

"దానికే."

ఆమె పోయాక ఆయన చాలాసేపు నవ్వుకున్నాడు. "పైసలు పెట్టి ఖాళీ జాగా కొంటున్నరు. నలభై ఏండ్ల సంది తెల్లంచు కోసి పారేస్తున్న, ఇన్ని దినాలు బంగారం పారేసినన్నట్టు." మా షాపులో పద్ధతి అది. ఫ్రేముకు ఒక కొలత ఉంటుంది, బొమ్మ దానికి సరిపోవాలి. క్యాలెండరు బొమ్మయినా, పెళ్ళి గ్రూపు ఫొటో అయినా, ఎక్కువైంది కోసేస్తాం. పెళ్ళి ఫొటోల్లో చివర నిలబడ్డ చుట్టాలు ఎంతమంది మా చెత్తబుట్టలో పడ్డారో.

ఆ గొట్టంలో బొమ్మలతోపాటు ఒక పెద్ద కాగితం వచ్చింది. వాటిని అచ్చు వేసిన కంపెనీవాళ్ళు వేరే మ్యూజియంలవి కూడా అచ్చు వేసే బొమ్మలన్నీ చిన్నచిన్నగా అందులో ఉన్నాయి. అక్షరం కనిపిస్తే చదవకుండా వదలను కదా. సాయంత్రం దాన్ని ముందేసుకుని కూర్చున్నాను. సైమా పక్కన కూర్చుని ఇంగ్లీషులో ఉన్నవి చదివి చెబుతోంది. కింది వరసలో ఒక దగ్గర ఆగింది.

"దాదీ, ఇది మన ఊరే. లాంచీ రేవు, భద్రాచలం. నీటి రంగులు. వెయ్యి తొమ్మిదొందల అరవై ఆరు. హైదరాబాదు మ్యూజియంల ఉన్నదట."

అగ్గిపెట్టె కన్నా చిన్న బొమ్మ. సైమా కంపెనీవాళ్ళ వెబ్‌సైటులో వెతికి ఫోనులో పెద్దది చేసింది. ఇసుక, బల్లకట్టు, పొగ వదులుతున్న లాంచీ, మూటలతో జనం. నాకు అప్పుడు గుర్తొచ్చింది. నల్ల గొడుగు కింద ఒకాయన వారం రోజులు రేవులో కూర్చున్నాడు. సర్వే సారు అనుకున్నాం.

కుడివైపు చివర ఒక రేకు పెట్టె. ఆకుపచ్చది. మూత మీది పసుపు తీగ తాళం మీదికి జారి ఉంది.

సైమా చేతిలోంచి ఫోను తీసుకున్నాను. పెట్టె పక్కన ఒక చిన్నపిల్ల, ఆ పిల్ల పక్కన, బొమ్మకు కొసన, ఆకుపచ్చ ఓణీ వేసుకున్న ఒక అమ్మాయి. ముఖం దగ్గర ఇంకా పెద్దది చేస్తే అంతా గళ్ళు గళ్ళుగా చెదిరిపోయింది.

"మా ఆపా," అన్నాను.

సైమా ముందు నన్ను చూసింది, తర్వాత వాళ్ళ దాదాను పిలిచింది.

తెప్పించడానికి మా ఆయన ఒక్క మాట కూడా అడ్డం చెప్పలేదు. పైగా నాకంటే ఆయనకే తొందర ఎక్కువైంది. షాపులో ఒక ఖాళీ ఫ్రేము ఎప్పటి నుంచో వేలాడుతూ ఉండేది. మంచి టేకు, చేత్తో చెక్కిన అంచులు. ఎవరిదో పెళ్ళి ఫొటో కోసం చేశాడు, ఆ పెళ్ళి తప్పిపోయింది. ఆ ఫ్రేము ఎవరికీ అమ్మలేదు. "దీనికి తగ్గ బొమ్మ రావాలె," అనేవాడు. వచ్చినవాళ్ళు అందులో ఎవరున్నారని ఎగతాళి చేస్తే, "మీ మామ. జర బయటికి పోయిండు," అనేవాడు.

ఆ ఫ్రేము దించి తుడిచి, టేపు పెట్టి కొలిచాడు. "సైమా, ఈ కొలతకు చెప్పు."

"దాదా, వాళ్ళు రెండు రకాలు అడుగుతున్నరు. చుట్టూ తెల్లంచు విడిచి బొమ్మ వేయాల్నా, ఫ్రేము నిండా వేయాల్నా?"

"నిండా. మళ్ళ తెల్లంచేంది? మా చాంది ఆపా ఖాళీ జాగాల నిలబడాల్నా?"

పెద్దగా కనిపిస్తుందని నేనూ సరే అన్నాను. పెద్దగా కనిపించడమే కదా నాకు కావాల్సింది.

బొమ్మ వచ్చేదాకా నాకు స్థిమితం లేదు. వానకు వాగులు పొంగి దారిలో లారీ ఆగిందేమో, గొట్టం తడిసిందేమో అని రోజూ సైమాను అడిగేదాన్ని. ఒక శుక్రవారం వచ్చింది. జుమా నమాజు నుంచి వచ్చి మా ఆయన తెల్ల తొడుగులు వేసుకున్నాడు. రాజ్యశ్రీ గారు వాటిని మాకే వదిలి వెళ్ళారు. నన్ను చూడనివ్వలేదు. "కట్టినంక చూడు," అన్నాడు. అద్దం తుడిచి, వెనక అట్ట వేసి, మేకులు కొట్టి, గోడకు ఆనించి, అప్పుడు పిలిచాడు.

గోదావరి నిజంగా ఉంది. నీళ్ళ మీద పొద్దుటి ఎండ ఉంది. తడి ఇసుక మీద కాళ్ళ గుర్తులున్నాయి. ఆకుపచ్చ పెట్టె ఉంది, పసుపు తీగ ఉంది. పెట్టె పక్కన పదేళ్ళ పిల్ల, పాత గౌను, ముక్కు చీదిన ముఖం. అది నేనే. ఆ పిల్ల గుప్పిట మీద ఒక పెద్ద చెయ్యి ఉంది. ఆ చెయ్యి మోచేతి దగ్గర ఆగిపోయింది. తర్వాత టేకు చెక్క.

ఫ్రేము వెనక దాక్కుందేమోనని నేను వేలుపెట్టి చూశాను. అంత తెలివితక్కువ పని చేశాను.

మా ఆయన ఫ్రేము విప్పాడు. కాగితం అక్కడికే అయిపోయింది. సైమా ఫోను తీసి చూసి తల పట్టుకుంది. అసలు బొమ్మ పొడుగు ఎక్కువ, ఎత్తు తక్కువ. మేము చెప్పిన ఫ్రేము నిండాలంటే రెండు పక్కలా కోయక తప్పదు. ఆర్డరు పెట్టేటప్పుడు తెరమీద అడుగున చిన్న అక్షరాల్లో ఆ మాట రాసి ఉంది.

"వాళ్ళ తప్పు కాదు. నేను కోసిన," అన్నాడు మా ఆయన. తొడుగులు తీసి బల్ల మీద పెట్టాడు. "కత్తి పట్టకుంట కోసిన."

మళ్ళీ తెప్పిద్దామని సైమా చూస్తే, ఆ బొమ్మ అమ్మకానికి లేదని వచ్చింది. మ్యూజియంతో వాళ్ళ ఒప్పందం అయిపోయిందట. సైమా మ్యూజియానికే ఫోను చేసింది. అసలు బొమ్మ ఇప్పుడు గోడ మీదే ఉందట, ఈ నెలాఖరు దాకానే. నీటి రంగులకు వెలుతురు పడదట. కొద్ది నెలలు చూపించి మళ్ళీ ఏళ్ళ తరబడి చీకటి గదిలో దాస్తారట. కావాలంటే వాళ్ళ కొట్టులోనే నకలు వేయించుకోవచ్చట.

"సైమా పోయి వేయించుకొస్తది," అన్నాడు మా ఆయన.

"నకలు సైమా తెస్తది. చూసుడు నేను చూడాలె," అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చిందా అని నాకే అనిపించింది.

అదీ ఈ సంచి సంగతి. ఊరగాయ సీసా చివరికి సైమా కన్నుగప్పి శాలువాలో చుట్టి పెట్టాను.

బస్సు పాల్వంచ, కొత్తగూడెం దాటేదాకా నేను ముందు సీటు కమ్మి వదలలేదు. డ్రైవరు ఎవరితోనో ఫోను మాట్లాడుతుంటే కలిమా చదువుకున్నాను. మా ఆయన హాయిగా నిద్రపోయాడు. హైదరాబాదులో ఆయన మేనల్లుడు ఆసిఫ్ ఇంట్లో దిగాం. చేరామని సైమాకు ఫోను చేస్తే, "ఇల్లు ఊడవమంటవా దాదీ?" అని అడిగింది. అప్పటిదాకా ఊడవలేదట.

మ్యూజియంలో ఆ గది మసక చీకటిగా ఉంది. మంచి బొమ్మలున్న చోట లైట్లు ఎక్కువ ఉంటాయనుకున్నాను. గోడకు మూరెడు ఇవతల నేల మీద ఒక గీత. కుర్చీలో కూర్చున్న కాపలా మనిషి, "గీత దాటొద్దమ్మా," అన్నాడు.

"దాటను బాబూ. జర వంగొచ్చా?"

"వంగుండ్రి. ముట్టొద్దు."

ఎడమ చివర నుంచి మొదలుపెట్టి మెల్లగా చూస్తూ వచ్చాను. తొందరపడితే అయిపోతుందేమోనని. మా దగ్గర ఉన్న నకల్లో లేని ఎడమ చివర ఒక పడవ ఉంది, పుచ్చకాయలమ్మే ముసలమ్మ ఉంది. తర్వాత కుడి కొసదాకా ఆగి ఉన్న లాంచీ, దాని ముందు జనం, పెట్టె, నేను, చెయ్యి. తర్వాత మా ఆపా.

జబ్బకు ఎర్రగుడ్డ కట్టి ఉంది, ఇమామ్ జామిన్. ఆకుపచ్చ ఓణీ గాలికి లేచి ఉంది. జడ ఉంది, చెవికి పోగు ఉంది. ముఖం లేదు. ఆమె లాంచీ వైపు తిరిగి ఉంది. కొంచెం బుగ్గ మాత్రం కనిపిస్తోంది, గోధుమ రంగు గీత ఒకటి. ఆ గొడుగు సారుకు కనిపించింది అంతే. ఎంత పెద్దది చేసినా, ఎంత మంచి కాగితం మీద అచ్చు వేసినా ఆ ముఖం రాదు. మేము ఏమీ కోయలేదు. అది అసలే లేదు.

మా ఆయన నా భుజం మీద చెయ్యి వేశాడు. "కూసుంటవా?"

"ఉండు," అన్నాను.

కళ్ళజోడు తుడిచి మళ్ళీ వంగాను. ముఖం లేకపోతే మిగతాది చూద్దామని. ఒక కాలు లాంచీ ఎక్కే చెక్క పలక మీద ఉంది. ఒళ్ళంతా లాంచీ వైపు వంగి ఉంది. ఎవరూ ఆమెను లాగడం లేదు. దగ్గర్లో పెద్దవాళ్ళే లేరు. పిల్ల గుప్పిట్లో ఆకుపచ్చ ఓణీ కొస ఉంది. ఇంట్లో ఉన్న నకల్లో అది పెట్టె నీడలా కనిపించింది, ఓణీ అని తెలియలేదు. ఆ గుప్పిట మీద చాంది చెయ్యి. నేను ఇన్ని రోజులూ అది నన్ను పట్టుకున్న చెయ్యి అనుకున్నాను. కాదు. నా చిటికెనవేలు, ఉంగరపు వేలు ఓణీ నుంచి అప్పటికే విడిపించింది. మూడో వేలు విడిపిస్తోంది.

ఏదో తెలిసిన మాటనే ఎవరో మెల్లగా చెప్పినట్టు అనిపించింది. మా ఆపాకు పోవాలని ఉంది. పదిహేడేళ్ళ పిల్ల, రేకులు కొట్టే చప్పుడు తప్ప ఏమీ వినని పిల్ల, లాంచీ ఎక్కబోతోంది. పెద్దవాళ్ళు విడదీశారన్న మాట అమ్మీ ఎందుకు చెప్పిందో కూడా నాకు అప్పుడు అర్థమైంది. అమ్మీ దూరం నుంచి చూసింది. చూసి, నా కోసం మార్చి చెప్పింది. అట్లా చెబితే నాకు కొంచెం సులువని.

పిల్ల మాత్రం తల పైకెత్తి ఉంది. ఎవరికీ కనిపించని ఆ ముఖం వైపే చూస్తోంది. ఆ రేవులో అంతమంది ఉన్నారు, గొడుగు సారు ఉన్నాడు, ఇప్పుడు మేమున్నాం. ఆ ముఖం చూస్తున్నది ఆ పిల్ల ఒక్కతే.

"బద్రూ, కింద చూడు," అన్నాడు మా ఆయన. ఆయన బొమ్మను చూడటం లేదు. బొమ్మ కింది తెల్ల అంచును చూస్తున్నాడు. అక్కడ ఆ సారు కుంచెతో రంగు కలిపి చూసుకున్న మచ్చలు ఉన్నాయి. ఒక ఆకుపచ్చ, పక్కన ఇంకొంచెం ముదురుది, పక్కన పసుపు కలిసినది. మూడోది ఓణీ రంగు.

"మూడు మార్లు చూసుకున్నడు. ఆమె ఓణీ కోసం," అన్నాడు. గీత దాటకుండా ఇంకా వంగి, "ఖాళీ జాగా అంటిని," అన్నాడు.

మ్యూజియం కొట్టులో ఉన్న అమ్మాయి ఏ సైజు కావాలని అడిగింది.

"అది ఎంతుందో గంత. పెద్దగొద్దు, చిన్నగొద్దు. ఆ మచ్చలు కూడ రావాలె," అన్నాడు మా ఆయన.

"మార్జిన్‌తో సహానా అంకుల్? మామూలుగా అది తీసేస్తాం."

"తీయొద్దు బేటా. ఏది తీయొద్దు."

బయటికి వచ్చాక నా జబ్బకున్న గుడ్డ విప్పి, ఆ బిళ్ళను మెట్ల దగ్గర కూర్చున్న ఒక ముసలాయనకు ఇచ్చాను. మా ఆపా బిళ్ళ ఎవరికైనా ఇచ్చి ఉంటుందా అని అప్పుడు అనుకున్నాను. ఇచ్చే ఉంటుంది. లాంచీ వైపు అంత వంగి పోయిన మనిషి, తర్వాత ఎటు పోయినా చేరకుండా ఉండదు. ఇది నేను తెలిసి అంటున్న మాట కాదు.

దసరా దాటాక నకలు కొరియరులో వచ్చింది. మా ఆయన ఆ టేకు ఫ్రేము విప్పి, నాలుగు చెక్కలూ బల్ల మీద పరిచి, రంపం తీశాడు. చేత్తో చెక్కిన అంచులు. నేను వద్దన్నాను, వేరే చెక్కతో కట్టమన్నాను.

"ఇన్నేండ్లు బొమ్మల్ని కోస్తి. ఒక్కసారి ఫ్రేమును కొయ్యనీ," అన్నాడు.

తెల్ల అంచు, ఆకుపచ్చ మచ్చలు, అన్నీ లోపలే ఉంచి కట్టాడు. మొదట వచ్చిన సగం బొమ్మను పారేద్దామంటే సైమా ఒప్పుకోలేదు. "అండ్ల నువ్వొక్కదానివే ఉన్నవ్ దాదీ, నాకియ్యి," అని తన బీరువా తలుపు లోపల అతికించుకుంది. రాజ్యశ్రీ గారు చూడటానికి వచ్చి చాలాసేపు నిలబడ్డారు. తన హాలుకు ఇంకొకటి తెప్పించుకుంటానని ముందు అన్నారు. తర్వాత, "వద్దులెండి బూబమ్మా, ఇది ఇక్కడే బాగుంది," అని పోయారు.

లోపలి గదిలో పెట్టం కాబట్టి షాపులోనే పెట్టాం. నేను కూర్చునే కుర్చీకి ఎదురుగా, సీతారాముల పటాల వరసకు పక్కన. జిగురు కలుపుతూ తల ఎత్తితే కనిపిస్తుంది. ముఖం నాకు ఇప్పటికీ గుర్తు రాలేదు. వేళ్ళు గుర్తొచ్చాయి. చల్లగా ఉండేవి.

పటాలకు వచ్చినవాళ్ళు అది ఎంత అని అడుగుతారు. అమ్మేది కాదంటాను. చర్ల వైపు నుంచి వచ్చిన ఒకామె మొన్న దగ్గరికి పోయి చూసి, "ఆ చివర ఉన్న పిల్ల ఎవరమ్మా, అటు తిరిగి ఉన్నది?" అని అడిగింది.

మా అక్క చాంది అని చెప్పాను. పందొమ్మిదివందల అరవై ఆరు నవంబరులో ఈ రేవులోనే లాంచీ ఎక్కి రాజమండ్రి పోయింది. తిరిగి రాలేదు.